నచ్చని నాయిక: రాధికాసాంత్వనం మీద మద్రాసు తీర్పు

దక్షిణాంధ్ర యుగం పాఠం చెప్పే రోజుల్లో దాదాపు ప్రతి ఏడూ నాకు ఒక మాట వినిపిస్తూ వచ్చింది. ముద్దుపళని రాధికాసాంత్వనం కథ క్లుప్తంగా చెప్పి, పద్యాలలోకి వెళ్ళబోయే ముందు ఒక్క క్షణం ఆగుతాను. వెనుక వరుసలోంచి ఎవరో ఒకరు, "నాకీ రాధ నచ్చలేదండీ" అంటారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, కళాశాలలో ఇంగ్లీషు అయిన పిల్లలు కాబట్టి కొందరు పక్కవాళ్ళతో "ఎనక్కు పిడిక్కలే" అని కూడా అనుకుంటారు. ఒక ఏడు ఒక అమ్మాయి మరింత సూటిగా అడిగింది: "తానే దగ్గరుండి పెళ్ళి చేసి, తర్వాత తానే ఏడిస్తే మేము ఎందుకు జాలిపడాలి?"

చదువురీత్యా నేను భాషాశాస్త్రజ్ఞుణ్ణి. కావ్యవిమర్శ నాకు పొరుగూరి వ్యవహారం. అయినా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే ఇదే మాటను, మరికొంత గంభీరమైన భాషలో, ఒక మహానుభావుడు మనకంటే నూరేళ్ళ ముందే అన్నాడు. ఈ మద్రాసు నగరంలోనే ఒక ప్రభుత్వం ఆ మాటను తన ఉత్తర్వుగా మార్చి పుస్తకాలను పట్టుకుపోయింది. ప్రణయకావ్యంలో ప్రధానపాత్ర మనకు నచ్చి తీరాలా అన్నది తరగతి గదిలో పొద్దుపుచ్చే చర్చ కాదు. దాని మూలంగా ఒక తెలుగు కావ్యం మూడున్నర దశాబ్దాల పాటు నిషేధంలో ఉంది.

ముందు కథ. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో, మరాఠా రాజు ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానంలో ఉన్న విదుషి, కళావంతుల ఇంటి ఆడపడుచు. అవ్వ తంజనాయకి. ప్రబంధకవులు తండ్రి తాతల వంశం చెప్పుకుంటే ఈమె తన ఇంటి స్త్రీల వంశం చెప్పుకుంది. ఆండాళ్ తిరుప్పావైని తెలుగు చేసింది కూడా ఈమే. మార్గళి తెల్లవారుజామున తిరుప్పావై వింటూ పెరిగిన మన విద్యార్థులు ఈ సంగతి విని ఆశ్చర్యపోతారు. ఆమె పెద్ద రచన రాధికాసాంత్వనం, నాలుగు ఆశ్వాసాలు, 584 పద్యాలు.

ఇందులో రాధ కృష్ణునికి అత్త వరస. నడివయసుకు దగ్గరపడుతున్న నిండు యౌవనవతి. ఇళ అనే పిల్లను చిన్నప్పటినుంచి పెంచుతుంది. ఇళ ఈడేరగానే రాధే పూనుకొని తన ప్రియుడైన కృష్ణునికి ఇచ్చి పెళ్ళి చేస్తుంది. తొలిరాత్రికి పంపుతూ ఇళకు ఎలా మెలగాలో చెబుతుంది. పిల్ల లేతది, మెల్లగా చూసుకొమ్మని కృష్ణునికీ చెబుతుంది. ఆ తలుపు మూసుకున్న తర్వాత ఆమెలో ఏదో విరుగుతుంది. పెంచిన పిల్ల మీద అసూయ, ప్రియుని మీద కోపం, తన మీద తనకే రోత. కృష్ణుడు రావడం ఆలస్యమయ్యేకొద్దీ నిందలు పెరుగుతాయి. చివరికి ఆయనే వచ్చి బతిమాలుకొని ఆమెను ఊరడిస్తాడు. కావ్యానికి పేరు ఆ ఘట్టం నుంచే వచ్చింది.

రాధ మంచిది కాదు. ఈ మాట దాచి పాఠం చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఆమె న్యాయంగా లేదు, నిలకడగా లేదు. తను ఇచ్చిన కానుకను తానే వెనక్కి లాక్కోవాలని చూస్తుంది. అలాగని ఆమె దుష్టురాలూ కాదు. ఉంటే ఆమెను చదవడం సులభమయ్యేది.

మన పూర్వులకు ఇటువంటి నాయికలు కొత్త కాదు. అలంకారికులు నాయికలను ఎనిమిది అవస్థలుగా విభజించారు. ఖండిత ఉంది, కలహాంతరిత ఉంది, విప్రలబ్ధ ఉంది. ఆ పట్టికలో నాయిక మంచిదా చెడ్డదా అనే గడి లేదు. ఆమె ఏ స్థితిలో ఉంది, ఆ స్థితి రసంగా పండిందా లేదా అన్నదే వాళ్ళ ప్రశ్న. క్షేత్రయ్య పదాలలో నాయికలను తీసుకోండి. ప్రియుణ్ణి గుమ్మంలో నిలబెట్టి దెప్పేవాళ్ళు, పైకం లెక్క అడిగేవాళ్ళు, అబద్ధాలాడేవాళ్ళు కనిపిస్తారు. దేవుణ్ణి "ఏరా" అంటారు. వాళ్ళతో స్నేహం చేయాలని మనకు అనిపించకపోవచ్చు, కాని ఆ పదాలు పాడుతుంటే లేచి వెళ్ళిన శ్రోత లేడు.

ఇక సత్యభామ సరేసరి. కృష్ణదేవరాయల ఆస్థానంలోని నంది తిమ్మన పారిజాతాపహరణంలో ఆమె కృష్ణుని తలను ఎడమకాలితో తంతుంది. గర్వం, అసూయ, సవతుల మీద మంట, అన్నీ ఉన్నాయి. సిద్ధేంద్రయోగి భామాకలాపంలో ఆ గర్వానికి జడ వేసి, వేదిక మీద నిలబెట్టి, తెలుగువాళ్ళు శతాబ్దాలుగా మురిసిపోతున్నారు. పారిజాతాపహరణం ఏ కాలంలోనూ ఎవరి పిల్లల్నీ పాడుచేస్తుందని ఎవరూ భయపడలేదు.

అలాంటప్పుడు తన్నిన సత్యభామ పాఠ్యపుస్తకంలో ఉండి, ఏడ్చిన రాధ పోలీసుల పాలు ఎందుకైంది? కేవలం శృంగార వర్ణనల వల్ల అంటే సగమే నిజం. మిగతా సగానికి కావ్యం అచ్చులోకి వచ్చిన చరిత్ర చూడాలి.

బ్రౌన్ దొరకు సహచరుడైన పైడిపాటి వెంకటనరసు దీన్ని 1887లో అచ్చు వేయించాడు. 1907లో పునర్ముద్రణ వచ్చింది. అందులో కొన్ని పద్యాలు లేవు. ముద్దుపళని తన వంశం చెప్పుకున్న పీఠిక కూడా లేదు. ఆ మధ్యనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళనిని ప్రస్తావిస్తూ గట్టిగా మందలించారు. ఇందులోని వర్ణనలు ఆడవాళ్ళు నోటితో అనడం మాట అటుంచి చెవితో వినదగినవి కావనీ, వేశ్యాకులంలో పుట్టినది కాబట్టి స్త్రీలకు సహజమైన సిగ్గు ఈమెకు లేదనీ ఆయన అభిప్రాయం. పంతులుగారు స్త్రీల చదువు కోసం, వితంతు వివాహాల కోసం ఎన్ని కష్టాలు పడ్డారో మనకు తెలుసు. ఆయన మీద గౌరవం తగ్గకుండానే ఈ తీర్పును పరీక్షించవచ్చు. ఆయన కాలానికి సాహిత్యం సంఘసంస్కరణకు పనిముట్టు. రాజశేఖర చరిత్రము (1878) చదివితే, కథానాయకుడు పొరపాట్లు చేసినా చివరికి బుద్ధి తెచ్చుకొని మనకు ఆదర్శంగా నిలబడడం చూస్తాం. పాత్ర అంటే పాఠం. ఆ కొలబద్దతో కొలిస్తే రాధ ఎక్కడా సరిపోదు.

బెంగుళూరు నాగరత్నమ్మగారు (1878-1952) ఈ దశలో రంగంలోకి వస్తారు. మైసూరు సీమలో నంజనగూడులో పుట్టి, మద్రాసులో స్థిరపడి, పాటకూ విద్వత్తుకూ పేరు తెచ్చుకున్న విదుషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిన పుణ్యాత్మురాలిగా మనవాళ్ళు ఆమెను తలచుకుంటారు. ఆ పనికి పదేళ్ళకు పైగా ముందే ఆమె మరొక పని చేశారు. అచ్చు పుస్తకంలో లోపాలు గమనించి, వ్రాతప్రతి సంపాదించి, రెండూ పోల్చి, విడిచిపెట్టిన భాగాలు చేర్చి, 1910లో రాధికాసాంత్వనాన్ని వావిళ్ళవారి చేత ప్రచురింపజేశారు. ముద్దుపళని వంశక్రమం ఆ పుస్తకంలో మళ్ళీ వెలుగు చూసింది.

పీఠికలో ఆమె పంతులుగారికి ఇచ్చిన సమాధానం తెలుగు విమర్శలో ఇప్పటికీ చదవదగిన భాగం. సిగ్గు స్త్రీలకే సహజమా, పురుషులకు అక్కరలేదా అన్నది ఆమె మొదటి ప్రశ్న. ఇంతకంటె పచ్చిగా రాసిన మగకవులను ఎవరూ ఏమీ అనలేదే అన్నది రెండోది. మూడోది అసలైన దెబ్బ: వైజయంతీవిలాసాన్ని పంతులుగారే పరిశీలించి, విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠ్యంగా పెట్టడానికి అంగీకరించారు కదా అని గుర్తుచేశారు.

ఈ వైజయంతీవిలాసం కథ మనకు దగ్గరిదే. సారంగు తమ్మయ్య రాసిన విప్రనారాయణుని కథ. స్థలం మన శ్రీరంగం. ఆ భక్తుడే తమిళుల తొండరడిప్పొడి ఆళ్వారు. దేవదేవి అనే వేశ్య పంతం పట్టి, తోటలో పూలు పెంచుకుంటూ బతుకుతున్న బ్రహ్మచారిని వలలో వేసుకుంటుంది. ఆయన నియమం చెడి, చివరికి గుడి బంగారు గిన్నె దొంగిలించాడన్న నింద మోస్తాడు. నాయిక మోసగత్తె, నాయకుడు వ్రతభ్రష్టుడు. అయినా ఈ కథ చదివించవచ్చు. 1954లో భానుమతి, నాగేశ్వరరావులతో సినిమాగా వస్తే కుటుంబాలతో వెళ్ళి చూశారు. కారణం సులభం. దేవదేవి మారుతుంది, విప్రనారాయణుడు పశ్చాత్తాపపడతాడు, రంగనాథుడు ఇద్దరినీ గట్టెక్కిస్తాడు. సత్యభామ గర్వానికీ వైద్యం ఉంది. తిమ్మన కావ్యంలో ఆమె పుణ్యకవ్రతం చేసి భర్తను నారదునికి దానం ఇస్తుంది. తర్వాతి తులాభారం నాటకాల్లో, 1966 నాటి సినిమాలో, ఆమె బంగారమంతా తూగనిచోట రుక్మిణి వేసిన తులసిదళం తూగుతుంది. ప్రేక్షకులు తృప్తిగా ఇంటికి వెళ్తారు.

నా వాదం ఇక్కడే ఉంది. నచ్చని నాయికను తెలుగు పాఠకుడు ఎప్పుడూ భరించాడు, చివరికి ఆమె దిద్దుకుంటుందనే పూచీ ఉన్నప్పుడు. ముద్దుపళని ఆ పూచీ ఇవ్వలేదు. రాధ చేసిన తప్పుకు శిక్ష లేదు, కోపానికి గుణపాఠం లేదు, అసూయ తగదని చెప్పే నారదుడు లేడు. దిగివచ్చేది ఎదుటివాడు. కలహాంతరిత లక్షణం తర్వాత పశ్చాత్తాపపడడం; ఈమె పశ్చాత్తాపం కథకు ముగింపు కాదు. తప్పు చేసిన మనిషికి కూడా ఓదార్పు అవసరం అన్నంతవరకే కావ్యం వెళ్ళి ఆగుతుంది. అది రాసినది ఆడది, అచ్చు వేయించినది ఆడది, ఇద్దరూ కళావంతులు. 1890ల నుంచి మద్రాసులో భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం సాగుతున్న కాలం. శిక్షలేని నాయికను ఆ కాలం క్షమించడం కష్టం.

తర్వాత జరిగినది త్వరగా చెప్పవచ్చు. శశిరేఖ పత్రిక ఈ ప్రచురణను దుయ్యబట్టింది. ప్రభుత్వ అనువాదకులు గోటేటి కనకరాజు పంతులు కొన్ని పద్యాలు అభ్యంతరకరమని తేల్చారు. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని అశ్లీలమని నిర్ణయించి ప్రతులను స్వాధీనం చేసుకుంది. ఈ దారినే పోతే ప్రాచీన వాఙ్మయంలో ఎంత మిగులుతుందని పండితులు విన్నపాలు పెట్టినా ప్రయోజనం కలగలేదు. వావిళ్ళవారి మీద 1927లో మళ్ళీ సోదా జరిగింది. చివరికి టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న రోజుల్లో (1946-47) ఈ కావ్యంతోబాటు మరికొన్నింటి మీద నిషేధం తొలగింది. వావిళ్ళవారు 1952లో తిరిగి ముద్రించారు. నాగరత్నమ్మగారు కన్నుమూసినది ఆ ఏడాదే, మే నెలలో.

1947 గురించి ఒక చిన్న మాట. దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చినది ఆ ఏడే. ఒక కళావంతురాలి కావ్యానికి విడుదల, ఆ వ్యవస్థకు ముగింపు దాదాపు ఒకే కాలంలో జరిగాయి. ముత్తులక్ష్మి రెడ్డిగారు చట్టం కోసం పోరాడారు. నాగరత్నమ్మగారు దాన్ని వ్యతిరేకించినవారిలో ఒకరు. వీరిలో ఒకరిని ఎన్నుకొమ్మని పరీక్షలో అడిగితే నేను ఆ ప్రశ్నను వదిలేస్తాను.

నిషేధం పోయినంత మాత్రాన దాని వెనుక ఉన్న పఠనపద్ధతి పోలేదు. ఇరవయ్యో శతాబ్దపు ప్రణయకథల్లో అది కొనసాగింది. చలం మైదానం (1927) మీద వచ్చిన దుమారానికి అక్రమ సంబంధం ఒక్కటే కారణం కాదు. రాజేశ్వరి తన కథ తానే చెబుతూ ఎక్కడా క్షమాపణ కోరకపోవడం పెద్ద కారణం. శరత్ దేవదాసును చూడండి. పిరికితనం, అహంకారం, చేతికందిన పిల్లను బాధించి ఆ మచ్చను గుర్తుగా మిగిల్చే గుణం. అయినా 1953లో మద్రాసులో తీసిన సినిమా చూసి రెండు తరాల తెలుగువాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. అతడు తాగి చనిపోతాడు కాబట్టి బాకీ తీరిపోయింది. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీలో రాజశేఖరం గర్వాన్ని పాఠకురాళ్ళు ఆకర్షణగానే తీసుకున్నారు. జయంతి ఆత్మాభిమానం చూపవచ్చు గాని అన్యాయంగా ఉండకూడదు. మగవాడి పొగరుకు పెళ్ళి మందు, ఆడదాని పొగరుకు బుద్ధి మందు. ఇది సులోచనారాణిగారి తప్పు అనను. ఆమెకు పాఠకుల నాడి తెలుసు.

ఇప్పుడు మా విద్యార్థి మాటకు వస్తాను. "నాకు రాధ నచ్చలేదు" అన్న వాక్యాన్ని భాషాశాస్త్రం వాడిగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఇందులో కర్త రాధ. చతుర్థి విభక్తిలో ఉన్న "నాకు" అనుభవం పొందేవాడు. తమిళంలోని "ఎనక్కు పిడిక్కలే" నిర్మాణమూ అంతే. ద్రావిడ భాషల్లో ఇష్టం మనం చేసే పని కాదు, మనకు కలిగేది. ఆకలి వేసినట్టు, చలి వేసినట్టు. కనుక నచ్చలేదు అన్న విద్యార్థిని నేను తప్పుపట్టలేను, ఆకలి కాలేదన్నవాణ్ణి తప్పుపట్టలేనట్టే. పేచీ ఎక్కడంటే, నాకు కలగని దానిని ఆమెలోని లోపంగా రాసిపెట్టడంలో. ప్రభుత్వ అనువాదకులు చేసినది అదే.

ఇంకొకటి. పాత తెలుగులో "నచ్చు" అంటే నమ్ము అని అర్థం. నచ్చిక అంటే నమ్మకం. తమిళంలో "నచ్చుదల్" కోరుకోవడం. మన మాటలో ఆ పాత అర్థం ఇప్పటికీ ఒకచోట బతికే ఉంది: నచ్చజెప్పడం. ఎదుటివాళ్ళు మన మాట నమ్మేలా, మెత్తబడేలా చెప్పడం. సాంత్వనం అన్న సంస్కృతపదానికి ఇంతకంటె దగ్గరి తెలుగుమాట నాకు తోచదు. కావ్యం పేరు విప్పితే రాధకు నచ్చజెప్పడం అని వస్తుంది. నాలుగు ఆశ్వాసాలలో నచ్చవలసినది రాధకు. మనకు కాదు. ఈ శ్లేష ముద్దుపళని ఉద్దేశించినదని నేను అనను. ఆమె పెట్టుకున్నది సంస్కృతం పేరు. కాని పాఠం చెప్పేటప్పుడు నాకు ఇది ఉపయోగపడింది. పాఠకుడి స్థానం కృష్ణుడి పక్కన గాని, తీర్పరి పీఠం మీద కాదని చెప్పడానికి ఇదొక దారి.

ఈ వివరణ ఇచ్చిన ఒక ఏడు, మొదట జాలి ఎందుకు పడాలని అడిగిన ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తింది. రాధ కోపం ఇప్పుడు అర్థమైందని చెప్పింది. "రాధకు ఓదార్పు దొరికింది సరే. ఇళ సంగతేమిటండీ? పెంచిన ఆవిడే పెళ్ళి చేసి పంపింది. ఆవిడే ఏడిస్తే భర్త అటు వెళ్ళిపోయాడు. ఆ పిల్లను ఎవరు ఊరడించారు?"

పంతులుగారు ఈ ప్రశ్న వేయలేదు. నాగరత్నమ్మగారి దృష్టి పళని పక్షాన ఉంది, ఉండవలసిందే. నేను ఇన్నేళ్ళు పాఠం చెప్పినా రాధను సమర్థించే హడావిడిలో ఇళను దాటిపోయాను. గంట కొట్టేశారు. వచ్చే వారం రెండో ఆశ్వాసం మళ్ళీ చదువుదామని చెప్పి పుస్తకం మూశాను.